నమ్మకమైన తాళం

పొద్దున ఆరింటికి కల్వకుర్తిలో బస్సెక్కడం, పదింటికల్లా సరూర్‌నగర్ స్టేడియం చుట్టుపక్కల ఏదో ఒక గది చూసుకోవడం, తిని కాస్త నడుం వాల్చి నాలుగింటికి కూతురు గజాలా ఆట చూడటం. జాఫర్ వేసుకున్న పథకం ఇంతే. ఇంకెవరికైనా ఇది సులువైన పనే. కానీ జాఫర్‌ది తాళాల దుకాణం. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తాళాలు ఊడదీసి ఊడదీసి, చివరికి లోకంలో ఏ తలుపునూ నమ్మలేని మనిషయ్యాడు. తలుపు వెనకాల మనిషిని అసలే నమ్మడు.

గజాలా రాష్ట్ర జట్టు తరఫున జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల్లో ఆడుతోంది. పిల్లలకు బస వేరే ఉంది. తల్లిదండ్రులు మూడు రోజులకు తమ జాగా తామే వెతుక్కోవాలి. నిరుడు నల్లగొండలో ఆమె ఫైనల్ ఆడిన రోజు, దుకాణం తాళం సరిగ్గా పడిందో లేదోనని జాఫర్ బస్టాండు నుంచి రెండుసార్లు వెనక్కి పోయాడు. రెండు బస్సులూ పోయాయి, ఆటా పోయింది.

"ఈసారి గూడ రాకుంటె ఇగ నిన్ను పిలువ, అబ్బా" అంది గజాలా తండ్రితో. కోపంగా అని ఉంటే మరిచిపోయేవాడు. మెల్లగా అంది. ఆ మాట అప్పటినుంచి అతన్ని పొడుస్తూనే ఉంది.

"చంపాపేటల మా తమ్ముని ఇల్లున్నది గదా, ఆడికే పోదాం" అంది భార్య షంషున్నీసా, బస్సు దిగీ దిగగానే.

"ఆ ఇంటికి తాళం బిగించింది నేనే. ఎంతసేపట్ల ఊడుతదో నాకెరుక" అన్నాడు జాఫర్.

దిల్‌సుఖ్‌నగర్ లాడ్జిలో గుమాస్తా పేరు రాసుకునేలోపు, జాఫర్ భార్య జడపిన్ను తీసుకుని గది తాళం తెరిచి చూపించాడు. గుమాస్తా పెన్నుకు మూత పెట్టి, గదులు ఖాళీ లేవన్నాడు. కొత్తపేటలో తాళం గట్టిదే దొరికింది గానీ ఇంటావిడ అడ్వాన్సు అడగలేదు, పైగా చాయ్ ఇచ్చింది.

"ఎందుకిచ్చింది?" అన్నాడు జాఫర్ గుసగుసగా.

"తాగుతవని."

"తెలువనోళ్లకు ఊకెనే చాయ్ ఇస్తరా? ఏదో ఉన్నది." చాయ్ తాగాడు. గది వద్దన్నాడు.

కర్మన్‌ఘాట్ చేరేసరికి ఒంటిగంట దాటింది. ఒక కాలనీలో రెండు మూడు ఇళ్లకు గది కిరాయికని బోర్డులున్నాయి. "ఒక్క గది చూస్తె ఏం తెలుస్తది? బస్తీ మొత్తం చూడాలె" అని, భార్యను కిరాణా దుకాణం ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. ప్రతి గేటు దగ్గరా వంగాడు. తాళం లాగి చూశాడు. తలెత్తి కిటికీలు చూశాడు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

బాల్కనీలోంచి కృష్ణకాంత్ ఇదంతా చూస్తున్నాడు. రిటైరైన ఉద్యోగి, కాలనీ సంఘం కార్యదర్శి. పాలవాడు నీళ్లు కలుపుతాడని, పేపరువాడు ముందే చదివేసి ఇస్తాడని నమ్మే మనిషి. వెంటనే ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు. తననెవరో గమనిస్తున్నారని జాఫర్‌కూ అనిపించింది. 'గీ బస్తీల దొంగలున్నట్టున్నరు' అనుకుని గబగబా పక్క గల్లీలోకి తిరిగాడు. అక్కడ కృష్ణకాంత్‌తో సహా పదిహేనుమంది నిలబడి ఉన్నారు.

"సంచిలో ఏముంది?" అన్నాడు కృష్ణకాంత్.

రెండు వందల తాళంచెవులు, ఇనుప తీగలు, ఆకురాళ్లు, ఒక రంపం బ్లేడు. దుకాణం తాళం మీద నమ్మకం లేక జాఫర్ సామానంతా వెంట తెచ్చుకున్నాడు. కృష్ణకాంత్ పుస్తకం తీసి పైకి చదివాడు. "'నాలుగో ఇల్లు, తాళం చిన్నది, కుక్క ముసలిది. ఏడో ఇల్లు, ఎవ్వరు లేరు. తొమ్మిదో ఇల్లు, బాల్కనీల ముసలాయన, ఏం పని లేనట్టున్నది.'"

తొమ్మిదో ఇల్లు కృష్ణకాంత్‌దే.

"నేను దొంగను కాదు సార్" అన్నాడు జాఫర్. "దొంగనైతె గీ తాళాల ముంగట గింతసేపు నిలబడుతనా? అర నిమిషం పని."

ఆ మాటతో జనం ఇంకా దగ్గరికి జరిగారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. అందరూ స్టేడియం బందోబస్తులో ఉన్నారని, వచ్చేసరికి అయిదున్నర అవుతుందని, అప్పటిదాకా మనిషిని వదలొద్దని జవాబొచ్చింది. అప్పటికి టైము మూడుంబావు.

జాఫర్ ముఖం పాలిపోయింది. "సార్, నాలుగింటికి నా బిడ్డ ఆట. జర పోనియ్యుండ్రి. ఆట అయినంక నన్నేమన్న చెయ్యుండ్రి."

"దొరికినోళ్లందరికీ బిడ్డలే గుర్తొస్తారు" అన్నాడు కృష్ణకాంత్.

గొడవ విని షంషున్నీసా పరుగెత్తుకొచ్చింది. నేల మీద పరిచిన తాళంచెవులు చూడగానే ఆమెకంతా అర్థమైంది. "ఈయన దొంగ కాదు సార్. దొంగకు గూడ గింత అనుమానం ఉండది. పోలీసులు యాడున్నరు?"

"స్టేడియంలో."

"మరి ఆడికే తీస్కపోయి అప్పజెప్పుండ్రి. గీ ఎండల రెండు గంటలు నిలబడుడెందుకు?"

ఆ మాటలో ఎవరికీ తప్పు కనబడలేదు. మూడు కార్లు కదిలాయి. నడిమి కారులో ఇద్దరి మధ్య జాఫర్. నాలుగుకు అయిదు నిమిషాలుండగా స్టేడియం చేరారు. గేటు దగ్గర కానిస్టేబులు వాళ్ల మొర సగమే విన్నాడు. "ఆట షురువైతాంది సార్. అయినంక మాట్లాడుదాం, పోయి కూసోండి."

పారిపోతే పట్టుకోవడానికి వీలుగా జాఫర్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి చుట్టూ అందరూ కూర్చున్నారు. కింద జట్లు వరసగా నిలబడ్డాయి. పిల్లలందరూ గ్యాలరీల వైపు చూసి చేతులూపుతున్నారు. గజాలా ఒక్కతే నేల చూస్తోంది. ఎందుకు చూడటం లేదో జాఫర్‌కు తెలుసు. అతనికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. దిగ్గున లేచాడు. నలుగురు చొక్కా పట్టుకున్నారు.

"గజాలా!"

ఆమె తలెత్తింది. పదిహేనుమంది నడుమ, సగం చొక్కా ఇతరుల చేతుల్లో ఉన్న తండ్రిని చూసింది. "అబ్బా!" అని గట్టిగా అరిచింది. మొదటి కూతకే వెళ్లి ఇద్దరిని ముట్టి గీత దాటి వచ్చింది. చప్పట్లు కొట్టడానికి కృష్ణకాంత్ జాఫర్ చొక్కా వదిలేయాల్సి వచ్చింది.

"మీ అమ్మాయేనా అండీ?" అన్నాడు. జాఫర్ తల ఊపాడు.

జట్టు గెలిచింది. ఫిర్యాదు సంగతి ఎవరూ ఎత్తలేదు. దారిలో కృష్ణకాంత్ ఒక హార్డ్‌వేర్ దుకాణం ముందు కారాపి, అన్నిటికంటే గట్టి తాళం ఏదో చూడమన్నాడు. జాఫర్ అరగంట వెతికి ఒకటి ఎంచి ఇచ్చాడు. మూడు రోజులూ తమ పైగదిలోనే ఉండమని, రేపటి ఆటకు కాలనీ అంతా కలిసే పోదామని కృష్ణకాంత్ బలవంతపెట్టాడు.

రాత్రి భోజనాలయ్యాక కృష్ణకాంత్ ఆ కొత్త తాళాన్ని పైగదికే, బయటినుంచి వేశాడు. జాఫర్ లోపలినుంచి తలుపు రెండుసార్లు గుంజి చూసి, ఇరవై ఏళ్లలో మొదటిసారి నిశ్చింతగా నిద్రపోయాడు.