పది నలభైకి ఖాళీ నేల

ఆ శనివారం పొద్దున అఫ్షీన్ ప్లాను చాలా చిన్నది. అమీర్‌పేటలో ఒక బడి వెనకున్న బోడి మైదానం మధ్యలో వెలుతురు కొలిచే మీటరు నిలబెట్టాలి. పది నలభైకి ఉపగ్రహం పైనుంచి ఆ నేలను ఫోటో తీస్తుంది. అదే నిమిషంలో నేల ఎంత వెలుతురు తిప్పికొడుతోందో ఆమె కింద కొలవాలి. రెండు లెక్కలూ కలిస్తే పైనున్న కెమెరా సరిగ్గా చూస్తున్నట్టు, పంజాగుట్ట ఆఫీసులో 'కొన్ని రోజులు నీ పని చూసి చెప్తా' అని మేనేజరు ఆపి ఉంచిన అఫ్షీన్ ఉద్యోగం పర్మనెంటు అయినట్టు. కావలసిందల్లా మనిషి నీడ పడని ఖాళీ నేల. అమీర్‌పేటలో ఖాళీ జాగా ఆశించడమేమిటో, ఆ మేనేజరుకే తెలియాలి!

కాపలాకు ఆఫీసు అటెండరు సాయిలు వచ్చాడు. సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని పోతున్న ఒకాయన ఆగాడు.

"ఏంటండీ ఇది?"

"శాటిలైట్ పని. సిటీ మొత్తంల మా మేడంకొక్కదానికే వస్తది," అన్నాడు సాయిలు ఛాతీ విరుచుకుని.

వీధికి వెయ్యిమంది జావా నేర్చుకుంటున్న చోట అనకూడని మాట అది. పావుగంటలో యాభైమంది మైదానం మధ్యలో లైను కట్టారు.

"భాయ్, జర పక్కకు జరుగుండ్రి! ఇది కోర్సు కాదు!" అని మొత్తుకుంది అఫ్షీన్.

"కాదంటున్నారంటే సీట్లు అయిపోతున్నట్టేరా!" అన్నారెవరో. లైను ఇంకా బిగుసుకుంది.

పదిన్నరకు ఆమెకు ఓపిక నశించింది. "సరే, పేర్లు రాసిచ్చి గోడ దగ్గరికి పోండ్రి!" అంది. పేర్లు రాసుకుంటున్నారన్న కబురు మెయిన్ రోడ్డు దాకా పాకింది. రెండు వందలమంది దిగారు. లైను వదిలితే నంబరు పోతుందని ఒక్కరూ కదల్లేదు. సాయిలు కాగితాన్ని మీటరు మీదే పెట్టుకుని శ్రద్ధగా రాయసాగాడు.

"యా అల్లా, టైమైంది!" అని ఆకాశంలోకి చూసింది అఫ్షీన్. రెండు వందల తలలూ పైకి లేచాయి. మైదానంలో మచ్చుకైనా మట్టి కనబడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

సోమవారం మేనేజరు దినేశ్ ఆ ఫోటోను బల్ల మీద పడేశాడు.

"నేలేది అఫ్షీన్? అంతా నల్లగుంది! క్లయింటుకు ఏం చూపియ్యాలె? రేపటి నుంచి రావొద్దు."

మెట్ల దగ్గర సాయిలు ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే మేడం. ఇగో, గా పేర్ల కాగితం. చింపెయ్యాల్నా?"

అఫ్షీన్ కాగితం తీసుకుని కింది దాకా చదివింది. ఆ వారమే అమీర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని 'శాటిలైట్ కోర్సు' అని బోర్డు తగిలించింది. కాగితంలో ఉన్నవాళ్లు సగంమంది వచ్చినా గది చాలలేదు.

మూడు నెలలకు క్లయింటు పోయి, పంజాగుట్ట ఆఫీసుకు తాళం పడింది. రెండో బ్యాచి మొదలైన రోజు ముందు బెంచీలో దినేశ్ కూర్చుని ఉన్నాడు. చెయ్యెత్తాడు.

"మేడం, కోర్సు అయినంక ఉద్యోగం గ్యారంటీయేనా?"

"కొన్ని రోజులు మీ పని చూసి చెప్తా సార్," అంది అఫ్షీన్.