నళిని రాకుండా కశ్మీరు యాత్ర

హుస్సేనీ ఆలంలో సుబ్రహ్మణ్యాన్ని అందరూ రూటు సుబ్రహ్మణ్యం అంటారు. దేశంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎలా పోవాలో ఆయనకు నోటికి వచ్చు. పోవడమొక్కటే రాదు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు పని. ఆయన స్కూటరుకు ఇంటికీ ఆఫీసుకూ మధ్యనున్న గుంతలు తప్ప వేరే గుంతలు తెలియవు.

అలాంటి మనిషి ఈ వేసవిలో కశ్మీరు పోదామని నిశ్చయించుకున్నాడు. రైలు కాదు, విమానం కాదు, మొత్తం రోడ్డు మీదే. తోడు మహబూబ్. మలక్‌పేటలో కార్లకు సీటు కవర్లు కుట్టే దుకాణం అతనిది. ఇద్దరిదీ చిన్నప్పటి నుంచి ఒకే గల్లీ, ఒకే బడి, ఒకే వెనక బెంచీ. మహబూబ్ దగ్గర పాత సుమో ఒకటి ఉంది. దుకాణంలో కూర్చుని ఇద్దరూ రూటు వేశారు. నాగపూర్‌లో నారింజ బర్ఫీ, ఆగ్రాలో పేఠా, అమృత్‌సర్‌లో కుల్చా. అందులో ఊళ్ళకన్నా తిండ్లే ఎక్కువ.

చిక్కల్లా ఒకటే. ఇంట్లో చెబితే భార్య నళిని నేనూ వస్తానంటుంది. నళినితో ప్రయాణమంటే ఏమిటో సుబ్రహ్మణ్యానికి బాగా తెలుసు. పోయినసారి యాదగిరిగుట్టకు వెళ్ళినప్పుడు ఆయన బీపీ, ఆయన షుగరు, వాటి మందులు అన్నీ ఆమె సంచిలోనే ఎక్కాయి. మిర్చీల బండి కనబడ్డప్పుడల్లా ఆమె "నూనె సూసిన్రా" అన్నది. గుట్ట దగ్గరే కాబట్టి సరిపోయింది. కశ్మీరుదాకా నూనె చూసుకుంటూ పోవాలంటే ఆయన వల్ల కాదు.

మహబూబ్‌కూ అదే ఫికర్. అతని భార్య రహీమా పక్క సీట్లో కూర్చుంటే చాలు, స్టీరింగు అతని చేతిలో ఉన్నా బండి ఆమె మాట వింటుంది.

వద్దంటే లొల్లి అవుతుంది. వాళ్ళంతట వాళ్ళే రామనాలి. అదెలాగా అని ఆలోచిస్తుండగా సుబ్రహ్మణ్యానికి ఫోనులో ఒక వీడియో కనబడింది. కుర్రవాళ్ళు కొందరు తాళ్ళు కట్టుకుని నిలువు బండలెక్కుతున్నారు, అడవిలో డేరాలు వేసుకుని పడుకుంటున్నారు. ఆయన మొహం వెలిగింది.

ఆ సాయంత్రం నళిని బెండకాయలు తరుగుతుంటే ఎదురుగా పీట వేసుకుని విషయం చెప్పాడు.

"ఇది మామూలు ట్రిప్పు కాదు నళినీ. లాడ్జిలు గిట్ల ఉండయి. ఫ్రీ క్యాంపింగ్."

"అంటే?"

"ఏడ పొద్దుగూకితే ఆడ డేరా. బాత్రూం ఉండది. పాములుంటయి. తెల్లారంగనే రాళ్ళెక్కుడు."

"రాళ్ళెందుకెక్కుడు?"

ఆ సంగతి వీడియోలో ఎవరూ చెప్పలేదు. "పైకి పోనీకి," అన్నాడు.

"పైకి పొయ్యి?"

"దిగుడు."

నళిని బెండకాయ తొడిమ తీసి పక్కన పెట్టింది. "బల్బు మార్చనీకి స్టూలెక్కమంటే ఎదురింటాయనను పిలుస్తరు గద మీరు."

కాలేజీలో ఉన్నప్పుడు గోలకొండలో తాను ఎక్కని బండ లేదని సుబ్రహ్మణ్యం చెప్పాడు. అప్పటికప్పుడు పుట్టిన బండలవి. నళిని మీ ఇష్టం అని బెండకాయల పని చూసుకుంది. ఆయన చెప్పులేసుకుని గల్లీ చివరిదాకా నడిచి మహబూబ్‌కు ఫోన్ చేశాడు. అక్కడా అంతే. రహీమా నవ్వి ఊరుకుందట.

ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే కాఫీ వాసన లేదు. వంటింట్లో నళిని లేదు. పిలిస్తే జవాబు పై నుంచి వచ్చింది. సుబ్రహ్మణ్యం లుంగీ ఎగ్గట్టుకుని మిద్దె మెట్లెక్కాడు. నీళ్ళ ట్యాంకుకూ ఎండబెట్టిన వడియాలకూ మధ్య నీలం రంగు డేరా ఉంది. దాని నోట్లోంచి ముందు నళిని తల వచ్చింది. ఆ వెనక రహీమా తల వచ్చింది.

సుబ్రహ్మణ్యం ఎగ్గట్టిన లుంగీ గబగబా దించుకున్నాడు.

డేరా రహీమా తమ్ముడిదట. అలవాటు చేసుకుందామని రాత్రి ఆయన నిద్రపోయాక ఇద్దరూ అందులోనే పడుకున్నారట. గురక లేకపోవడంతో పెళ్ళయ్యాక మొదటిసారి కోడి కూత వినబడిందని నళిని చెప్పింది. "హమ్ భీ ఆరై భాయ్‌సాబ్," అని తాము కూడా వస్తున్న సంగతి రహీమా తియ్యగా నవ్వుతూ చెప్పింది.

ఆయన కాఫీ తాగకుండానే మలక్‌పేటకు పరుగెత్తాడు. వార్త అప్పటికే చేరింది. మహబూబ్ ఒక కారు సీటు కవరు ఇంకో కారు సీటుకు కుడుతున్నాడు. ఇద్దరూ తలలు పట్టుకుని ఆలోచించారు. డేరా అంటే గుడ్డ, దానికెవరూ భయపడరు. బండను కళ్ళారా చూస్తే తప్ప లాభం లేదు.

ఊరి బయట బండల మీద ఎక్కడం నేర్పే కీర్తిప్రియ అనే అమ్మాయి నంబరు సుబ్రహ్మణ్యమే సంపాదించాడు. మా ఆడవాళ్ళకు అన్నిటికన్నా పెద్ద బండ చూపించమ్మా అని రహస్యంగా బతిమాలాడు. కీర్తిప్రియ దాన్ని ఉత్సాహం అనుకుంది.

తరువాతి ఆదివారం నలుగురూ వెళ్ళారు. బండ మూడంతస్తుల మేడంత ఉంది. దాన్ని చూసి సుబ్రహ్మణ్యం రెండడుగులు వెనక్కి వేశాడు. నళిని మాత్రం చున్నీ నడుముకు బిగించి, కొత్త బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. ముందు ఎవరెక్కుతారని కీర్తిప్రియ అడిగితే, మా ఆయన గోలకొండ మొత్తం ఎక్కిండని నళిని చెప్పింది.

నడుముకూ తొడలకూ పటకాలు బిగించి, తాడు తగిలించి ఆయన్ను బండ ముందు నిలబెట్టారు. కింది భాగంలో కాలు పెట్టడానికి వాటంగా ఉంది. ఆ ధైర్యంతో డబుల్ డెక్కర్ బస్సంత ఎత్తు ఎక్కాడు. అక్కడ ఆగి కిందికి చూశాడు. అంతే, బండకు అతుక్కుపోయాడు. గోడ మీద బల్లి అయినా మధ్యలో కాస్త కదులుతుంది.

రెండు చేతులూ వదిలేసి తాడు మీద కూర్చోండి అంకుల్, ఏమీ కాదు అని కీర్తిప్రియ కింది నుంచి చెప్పింది. ఆయనకు అందులో వదిలేసి అన్న ఒక్క మాటే వినబడింది. మరింత గట్టిగా పట్టుకున్నాడు. కిందికి చూడకు అని మహబూబ్ అరిచాడు. ఎవరు అరిచారా అని ఆయన కిందికి చూశాడు.

ఆంజనేయ దండకం సగంలో ఉండగా పక్కన బూట్ల చప్పుడైంది. ఇంకో తాడు మీద నళిని ఆయన భుజం పక్కకు వచ్చి ఆగింది. ఆయాసం కూడా లేదు.

"నువ్వెట్లొచ్చినవ్?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"మీరొచ్చినట్లే. దిగుతరా?"

"దిగలేను."

"ఎక్కుతరా?"

"ఎక్కలేను."

"మరి టిఫిను పైకి పంపియ్యాల్నా?"

చావు దగ్గరపడ్డప్పుడు అబద్ధం మీద ఎవరికీ మోజుండదు. రాళ్ళూ డేరాలూ అన్నీ నువ్వు రాకుండా ఉండాలని చెప్పినవేనని సుబ్రహ్మణ్యం బండకు చెంప ఆనించి ఒప్పుకున్నాడు. ఆమె ఏమంటుందోనని కళ్ళు మూసుకున్నాడు.

"నాకెర్కే," అంది నళిని. "మీరు చెప్పిన్నాడే మహబూబ్ భాయ్ రహీమాకు అసలు సంగతి చెప్పిండు."

సుబ్రహ్మణ్యం కిందికి చూశాడు. ఈసారి భయంతో కాదు. మహబూబ్ వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు.

"మిమ్ముల భయపెడదామనే డేరా ఏసినం. తప్పయిందంటరేమో అని సూసినం, అనకపోతిరి. గానీ ఆడ పండుకుంటే మస్తు మంచిగనిపిచ్చింది. ఇగో, గీ రాయి గూడ గంతే." ఆమె తల ఎత్తి పైకి చూసింది. "నేను కొసదాక పొయ్యొస్తా. మీరు ఈడ్నే ఉండున్రి."

"నన్నిడిసిపెట్టి పోకు నళినీ."

ఆ మాట ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. నళిని పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుంది. తన పెళ్ళాన్ని ఇంట్లో వదిలి కశ్మీరు పోదామని ఇంత కథ అల్లిన మనిషి మొహంలోకి చాలాసేపు చూసింది. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేనట్టుంది. చివరికి ఆయన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే బండ మీద నుంచి ఊడదీసి తాడు మీద పెట్టింది. తరువాత ఎడమ చేయి. కీర్తిప్రియ మెల్లగా తాడు వదిలింది. కాళ్ళు నేలకు తగిలినా సుబ్రహ్మణ్యం దిగడం ఆపలేదు. అలాగే కిందికి జారి మట్టిలో కూర్చున్నాడు.

నళిని పైకి చేరింది. ఆమె వెనకే రహీమా చేరింది. అక్కడ నిలబడి ఇద్దరూ ఫొటోలు తీసుకుంటుంటే, కింద ఇద్దరు మగవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇడ్లీలు తిన్నారు.

ఆ తరువాత ప్రయాణం మాట మగవాళ్ళ చేతిలో లేదు. బయల్దేరిన పొద్దున స్టీరింగు ముందు రహీమా కూర్చుంది. పెళ్ళికి ముందు తండ్రి టెంపో నడిపిన చెయ్యి అది. పక్కన నళిని. వెనక సీట్లో డేరాలు, తాళ్ళు, స్టవ్వు, బియ్యం మూట సర్దగా మిగిలిన చోట్లో సుబ్రహ్మణ్యం, మహబూబ్ సర్దుకున్నారు.

బండి ఉత్తరానికి తిరగాల్సింది పోయి దక్షిణానికి తిరిగింది. రూటు సుబ్రహ్మణ్యం ఉలిక్కిపడి, కశ్మీరు ఇటు కాదన్నాడు. నళిని వెనక్కి తిరగకుండానే చెప్పింది. ముందు బాదామి. అక్కడి బండలు ఎర్రగా, అందంగా ఉంటాయని కీర్తిప్రియ చెప్పిందట. అక్కడి నుంచి ఎటు పోవాలో అక్కడ ఆలోచిస్తారు. కశ్మీరు ఎటూ పోదు.

మహబూబ్‌నగర్ వచ్చినప్పుడు ఇది నా ఊరే భాయ్ అని మహబూబ్ ఒక జోకు వేశాడు. సుబ్రహ్మణ్యం ఇంకా అతనితో మాట్లాడటం లేదు.

రాష్ట్రం పొలిమేర చెక్‌పోస్టులో పోలీసులు బండి ఆపారు. ఒక కానిస్టేబులు వచ్చి ముందు సీట్లలోని ఇద్దరు ఆడవాళ్ళను చూశాడు. వెనక్కి వచ్చి, తాళ్ళ మధ్య ముడుచుకుని కూర్చున్న ఇద్దరు నడివయసు మగవాళ్ళను చూశాడు. ఎక్కడికి పోతున్నారని వాళ్ళనే అడిగాడు. మహబూబ్ తనకు తెలియదన్నాడు. ఇవ్వాళకైతే బాదామి, తరువాత ఎక్కడికో మాకు చెప్పలేదని సుబ్రహ్మణ్యం అన్నాడు.

కానిస్టేబులు మొహం మారిపోయింది. అటూ ఇటూ చూసి, కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు.

"మీరు ఇష్టంతోనే పోతున్నరా పెద్దాయనా? భయపడకుండ చెప్పున్రి."

సుబ్రహ్మణ్యం ముందుకు చూశాడు. నళిని రెండు చేతులూ పైకెత్తి, లేని బండను పట్టుకుంటూ, ఎక్కడ కాలు జారిందో ఎక్కడ పట్టు దొరికిందో రహీమాకు చెబుతోంది. రహీమా నవ్వలేక స్టీరింగు మీద వాలిపోయింది. అంత సంబరంగా నళిని మాట్లాడగా తాను చివరిసారి ఎప్పుడు విన్నాడో సుబ్రహ్మణ్యానికి గుర్తు రాలేదు.

"ఇష్టంతోనే సార్," అన్నాడు.

కానిస్టేబులు నమ్మలేదు. బండి నంబరు రాసుకుని గేటు ఎత్తాడు.