వేటకెళ్ళినవారి గడి

జిల్లా వెబ్‌సైటులో ఫారానికి కొత్త గడి పెట్టాలంటే దానికొక మనిషి కావాలి. అందుకని సూరాడ కొర్లమ్మ పెట్టెలోని మంచి చీర తీసి కట్టుకుని, తనే గడిగా మారడానికి జిల్లా ఫారాల విభాగానికి వచ్చింది.

ఇది కొత్త సంగతేమీ కాదు. పాత గడులన్నీ అలా వచ్చినవే. పేరు రాసే గడి ఒక రిటైరైన పంతులు. ఎవరి పేరైనా ఓపిగ్గా పట్టుకుంటాడు, అక్షరం తప్పితే గొణుక్కుంటాడు. పుట్టిన తేదీ గడి సన్యాసమ్మ అనే పాత మంత్రసాని. కులం గడిలో ముగ్గురున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. చిట్టచివర ‘ఇతరములు’ అనే గడి ఒక లావుపాటి మనిషి. ఎందులోనూ ఇమడని జనాన్నంతా ఆయనలోకి తోసేశారు. ఎప్పుడూ ఒగరుస్తూ ఉంటాడు. వీళ్ళ ఇళ్ళవాళ్ళు పండగ పూట వెబ్‌సైటు తెరిచి, చూసి పోతారు.

కొర్లమ్మ మొగుడు దానయ్య దిబ్బలపాలెం రేవు నుంచి వేటకెళ్ళాడు. వాయుగుండం లేచింది. పడవ బోర్లాపడి పక్క ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. తోటివాళ్ళని ఇంకో పడవవాళ్ళు జుట్టు పట్టి లాగి బతికించారు. దానయ్య రాలేదు. శవమూ రాలేదు. తీసుకున్నానని సముద్రం చెప్పలేదు, తిరిగిస్తాననీ చెప్పలేదు.

దిబ్బలపాలెంలో ఒక ఆనవాయితీ ఉంది. వల లాగాక ఇసుకలో చేపల్ని వాటాలు వేసేటప్పుడు, తిరిగి రానివాడికి కూడా ఒక కుప్ప వేస్తారు. కుప్ప పడుతున్నంతకాలం అతను వేటలో ఉన్నట్టే. పెళ్ళాం గాజులు తీయదు. వేసి వేసి ఒకనాడు పెద్దలు మానేస్తారు. మానేసిన రోజున ఎవరూ నోరు విప్పి ఏమీ అనరు. ఆవిడ ఉత్త బుట్ట తీసుకుని ఇంటికి పోయి ఏడుస్తుంది. దానయ్యకి కుప్ప ఇంకా పడుతోంది.

ఫారానికి ఇవన్నీ తెలీవు. దాని పేరు మత్స్యకార కుటుంబ నమోదు. ఏడాదికోసారి నింపాలి. నింపని ఇల్లు సర్కారు లెక్కలో ఉండదు, లెక్కలో లేని ఇంటికి బియ్యం రావు. అందులో ‘భర్త’ అన్నచోట రెండే జవాబులున్నాయి. బతికి ఉన్నాడు అని నొక్కితే అతని వేలిముద్ర అడుగుతుంది. మరణించాడు అని నొక్కితే ఆ ఒక్క నొక్కుతో సరిపెట్టుకుంటుంది. రెంటిలో ఏదో ఒకటి నొక్కితే గాని కింది గడి తెరుచుకోదు.

ఊళ్ళో కంప్యూటర్ సెంటరు ఒకటుంది. అక్కడికి కొర్లమ్మని తీసుకెళ్ళింది వదిన ఎల్లమ్మే. ఎల్లమ్మ దానయ్యకి అక్క. మొగుడు పోయాక తమ్ముడింట్లోనే ఉంటోంది. అదే బియ్యం తింటోంది.

“రెండోది నొక్కీయే కొర్లమ్మా,” అంది. “నా తమ్ముడు కాడేటి? నాకు నేదా ఏడుపు? నొక్కీ, పనైపోద్ది.”

“కుప్ప ఏస్తన్నారు గదా వొదినా.”

“కుప్పకేటి. ఊళ్ళోవోళ్ళ మొగమాటం.”

“ఆల మొగమాటం తీరిపోనాక నొక్కుతాను.”

సెంటరు నడిపే కుర్రాడు మంచివాడే. “పోనీ ‘ఇతరములు’లో వేసేద్దామా అమ్మా?” అన్నాడు.

“అందులో ఎవులున్నారు బాబూ?”

“అందరూ ఉన్నారు.”

“ఐతే ఒద్దు. అంతమందిలో ఆయన కనబడడు.”

మూడో జవాబుకి కొత్త గడి కావాలని దరఖాస్తు పెట్టింది. కావాలన్నవాళ్ళే గడిగా మారాలని నిబంధన. ఊరికే అడిగేవాళ్ళు ఎక్కువైపోతారని పెట్టారు. అది పెట్టాక దరఖాస్తులు బాగా తగ్గాయి.

విభాగంలో సూపరింటెండెంటు కూర్మారావు ఆవిణ్ణి కూర్చోబెట్టి గడి ధర్మాలు చదివి వినిపించాడు. పైనుంచి ఏ మాట ఇస్తే ఆ మాట తీసుకోవాలి. లోపల మాట మారితే వెంటనే పైకి చెప్పాలి. ఎవరైనా ముట్టుకుంటే ముట్టుకున్నారని చెప్పాలి. మూసుకోమంటే మూసుకోవాలి.

“కాపరానికొచ్చినప్పుడు మా అత్త సెప్పినవే గదా బాబూ ఇవి,” అంది కొర్లమ్మ.

కూర్మారావు నవ్వలేదు. అర్హతలు అన్నచోట ‘పూర్వానుభవం కలదు’ అని రాసుకున్నాడు.

కోడు రాసే అమ్మాయి హైమవతి వచ్చి భుజాల కొలత తీసుకుంది. గడికి అంచు ఏ రంగు వేయమంటారని అడిగింది. “సీర అంచే ఉంచీ తల్లీ,” అంది కొర్లమ్మ. ఉంచారు. సాయంత్రానికి ఆవిణ్ణి పేజీలో కూర్చోబెట్టారు, భర్త గడికి కింద, రేషను గడికి పైన. నొప్పేమీ ఉండదు. చేతులు బారచాపి, కాళ్ళు ముడుచుకుంటే చాలు, మిగతాది కోడు చూసుకుంటుంది. కోడు రాసేవాళ్ళ వైపు నుంచి ఒక కిటికీ ఉంటుంది, దాంట్లోంచి మాట్లాడొచ్చు. ఫారం నింపేవాళ్ళ మాటలు గడికి వినిపిస్తాయి గాని, గడి మాట వాళ్ళకి వినబడదు. వాళ్ళకి ఎర్రబడటం ఒక్కటే కనిపిస్తుంది.

“తప్పు రాస్తే ఎర్రబడాలమ్మా,” అని పై వరసలోంచి సన్యాసమ్మ చెప్పింది. “మొదట్లో సిగ్గేస్తాది. పోనుపోను అదే నీ మొకం అయిపోద్ది.”

గడి మీద ‘వేటకెళ్ళాడు, ఇంకా రాలేదు’ అని రాశారు. ఇందులో పేరు రాస్తే పైన రెండు జవాబుల్లో ఏదీ నొక్కక్కర్లేదు. మొదటి వారంలోనే తీరం పొడుగూతా ఆడవాళ్ళు వచ్చి నింపారు. ఇంతమంది ఉన్నారని జిల్లాకి తెలీదు. పేర్లు ఒకటొకటిగా వచ్చి కొర్లమ్మ ఒళ్ళో పడేవి. అందరూ గంపలు దించి అటునుంచి అటే వచ్చేవాళ్ళు, అందుకని పేర్లు తడితడిగా ఉప్పగా ఉండేవి. అన్నిటినీ ఆవిడ పదిలంగా పట్టుకుంది. మొగుళ్ళున్నారు, ఇంకా మీసాలు రాని కొడుకులున్నారు. ఒకావిడ తండ్రి పేరు రాసి, తప్పేమోనని చెరిపి, మళ్ళీ రాసింది. కొర్లమ్మ ఎర్రబడలేదు.

చిక్కు తర్వాత వచ్చింది. గడి తేదీ అడగడం లేదని తనిఖీలో తేలింది.

“వెళ్ళాడు, రాలేదు అన్నప్పుడు ఎప్పుడొస్తాడు అన్నది ఉండాలిగా,” అన్నాడు కూర్మారావు. “లేకపోతే గడి ఎక్కడ ముగుస్తుంది?”

హైమవతి కిటికీ తెరిచి మెల్లగా చెప్పింది. “తేదీ అడగండమ్మా. వాళ్ళేదో ఒకటి రాస్తారు.”

“అడక్కూడదు తల్లీ.”

వేటకెళ్ళేవాణ్ణి ఎప్పుడొస్తావని అడగడం పాలెంలో లేదు. అడిగితే ప్రయాణం ఆగిపోవలసిందే. పెళ్ళైన కొత్తలో కొర్లమ్మ ఒకసారి నోరుజారి అడిగింది. దానయ్య తెడ్డు తెచ్చి చూరులో దోపి, పొద్దంతా చిరిగిన వల కట్టుకుంటూ కూర్చున్నాడు. మళ్ళీ ఆవిడెప్పుడూ అడగలేదు. గంజి ఉంచుతాను అనేది, అంతే. ఆఖరిసారి కూడా అంతే అంది.

“వెళ్ళేముందు అడక్కూడదు సరే. ఆయన వెళ్ళిపోయాడు కదమ్మా. ఇప్పుడడిగితే ఏమవుతుంది?” అంది హైమవతి.

“దారిలో ఉన్నోడిని మరీ అడక్కూడదు.”

హైమవతి కిటికీ మూసింది. తేదీ లేని ఫారాలు పైన పేరుకుపోతున్నాయి. కూర్మారావు ఎవరి మీదా కోపం లేకుండా ఒక సర్క్యులర్ తయారుచేశాడు. తేదీ ఖాళీగా వదిలిన పక్షంలో సదరు వ్యక్తి మరణించినట్టు భావించబడును. ఫారం నింపినవాళ్ళు ‘పంపు’ నొక్కగానే ఆ మాటని గడే పైకి పంపాలి.

ఆ సంగతి చెప్పేటప్పుడు హైమవతి కీబోర్డు వైపే చూస్తూ చెప్పింది. “మీరే పంపాలమ్మా. రెండో ధర్మంలో ఉంది.”

కొర్లమ్మ ఒళ్ళోని పేర్లు తడిమి చూసుకుంది. అన్నీ అలాగే ఉన్నాయి. “లోపల మాట మారితే పైకి సెప్పమన్నారు,” అంది. “మారనేదు గదా తల్లీ. నేనేటి సెప్పను?”

హైమవతి వెళ్ళి కూర్మారావుకి చెప్పింది. ఆయన ధర్మాలు మళ్ళీ చదువుకున్నాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“నిబంధన ప్రకారమే చేస్తోంది. తప్పుపట్టలేం,” అన్నాడు. “మా నాన్న పాత వెబ్‌సైటులో చిరునామా గడి. ఆయనా ఇంతే, పట్టిన పట్టు వదిలేవాడు కాదు. వెబ్‌సైటు మార్చినప్పుడు ఎక్కడ పెట్టారో తెలీదు.”

ఇక ఏమయ్యేదంటే, ‘పంపు’ నొక్కినప్పుడల్లా కొర్లమ్మ ఏమీ పైకి పంపేది కాదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. పేజీకి ఒక గడువుంటుంది. అంతసేపు ఫారం కదలకపోతే రాసిందంతా దానంతటదే చెరిగిపోతుంది. అలా మనుషులు చనిపోవడమూ లేదు, నమోదు కావడమూ లేదు. పై అధికారులు కొన్నాళ్ళు ఓర్చుకుని, గడి పక్కన ఒక చిన్న టిక్కు పెట్టించారు. ‘ఈ గడి వర్తించదు’ అని దాని మీద రాసి ఉంటుంది. అది నొక్కితే గడి మూసుకోక తప్పదు, అది నాలుగో ధర్మం. ఫారం దాన్ని దాటేసి, ‘మరణించాడు’ అన్న రెండో జవాబు తానే వేసుకుని, రేషను దగ్గరికి వెళ్ళిపోతుంది.

టిక్కు పెట్టినట్టు హైమవతి వచ్చి చెప్పింది. కొర్లమ్మ ఊఁ అంది. వదిన నొక్కితే తప్పుపట్టకూడదని అప్పుడే అనుకుంది. ముసలి ప్రాణం. ఆకలికి ఆగలేదు.

నమోదుకి ఆఖరి రోజున ఎల్లమ్మ సెంటరుకి వచ్చింది. వెనక లైను చాలా ఉంది. కుర్రాడు ఇంటి వివరాలు కొట్టుకుంటూ పోయాడు. పంతులు పేరు పట్టుకున్నాడు, సన్యాసమ్మ తేదీ పట్టుకుంది. అప్పుడు కొర్లమ్మకి అక్షరాలు తగలడం మొదలైంది. సూరాడ. కొంచెం ఆగి, దానయ్య.

ఇన్నాళ్ళూ అందరి పేర్లూ మోసింది గాని, ఆ పేరు రావడం అదే మొదటిసారి. గడికి తన ఫారం తాను నింపుకునే వీలు లేదు.

“ఇదిగో ఈ టిక్కు నొక్కితే అయిపోతుంది మామ్మా,” అన్నాడు కుర్రాడు.

“నొక్కితే మా మరదలికేటవుద్ది?”

“ఏం కాదు. బూడిదరంగులోకి వస్తుంది. లోపలే ఉంటుంది. అందులో ఎవరూ రాయలేరు, అంతే.”

ఎల్లమ్మ తెర దగ్గరికి వంగింది. గడి అంచు చూసి గుర్తుపట్టింది. ఆ చీర తమ్ముడు తెచ్చినప్పుడు రంగు బాలేదని వంకపెట్టింది తనే.

“ఓలె కొర్లమ్మా,” అంది. “బియ్యం కుండ అడుక్కొచ్చీసింది.”

కొర్లమ్మకి వినిపించింది. జవాబు చెప్పే దారి లేదు. ఎర్రబడితే వదిన బాధపడుతుందని బిగబట్టుకుంది. ఎల్లమ్మ చేత్తో మౌసు పట్టుకుంది. బాణం గుర్తు టిక్కు దాకా వచ్చింది. కొర్లమ్మ మూసుకోవడానికి సిద్ధపడి, పేరుని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

బాణం అక్కడే ఆగింది.

“బాబూ,” అంది ఎల్లమ్మ. “కాసేపు అలగే ఉంచీ. సూస్తాను.”

చక్రం తిరుగుతోంది. తిరుగుతున్నంతసేపూ పేరు గడిలో ఉంది. ఎల్లమ్మ చదువుకోలేదు, కాని ఆ పేరు ఎంత పొడుగుంటుందో, ఎక్కడ ఒంపు తిరుగుతుందో చూస్తూ కూర్చుంది. గడువైపోయింది. పేరు చెరిగింది.

“మళ్ళీ రాయి.”

“మామ్మా, ఇవాళ దాటితే మీ ఇల్లు లెక్కలోంచి పోతుంది.”

“ఇన్నాను. రాయి.”

లైనులో వెనక నించున్నావిడ ఊరుకోలేదు. “ఏటే ఎల్లమ్మా, ఫారం నింపుతన్నావా, సినిమా సూస్తన్నావా?”

“నీ కొడుకు పేరు వొచ్చినప్పుడు నువ్వూ సూద్దువుగానిలే.”

ఆవిడ తన వంతు వచ్చినప్పుడు కొడుకు పేరు రాయించుకుని, టిక్కు వైపు చూడను కూడా చూడలేదు. ఆ వెనకావిడా అంతే. సెంటరు మూసే వేళకి లైను కదిలింది చాలా కొద్ది.

ఆ ఏడాది లెక్కల్లో ఆ ఇళ్ళు లేవు. ఇళ్ళు తగ్గినందుకు బియ్యం మిగిలింది, మిగిలినందుకు విభాగానికి ప్రశంసాపత్రం వచ్చింది. కూర్మారావు దాన్ని గోడకి తగిలించాడు. ఎల్లమ్మ ఇప్పుడు ఎండుచేపలు ఏరే పనికి పోతోంది.

ఆఖరి రోజు దాటినా పేజీ తెరుచుకుంటూనే ఉంది. సెంటరువాళ్ళు ఆ ఆడవాళ్ళ కోసం ఒక కంప్యూటరు విడిగా పెట్టారు. మిగతా జనానికి ఆలస్యమవుతోందని పెట్టారు. దాని మీద ‘నమోదు కానివారికి’ అని చీటీ అంటించారు. లెక్కలో లేనివాళ్ళు పొద్దున్నే వచ్చి, వరసలో నిలబడి, తమవాళ్ళ పేరు రాయించుకుని, చెరిగిపోయేదాకా చూసి, కుర్చీ వెనకవాళ్ళకి ఇచ్చి పనుల్లోకి పోతున్నారు. ఎవరినీ ఎవరూ తొందరపెట్టరు. ఎల్లమ్మకి ఆ కీలు ఎక్కడెక్కడున్నాయో అలవాటైంది. దానయ్య అన్న ఒక్క మాట ఆవిడ ఇప్పుడు ఎవరి సాయం లేకుండా రాస్తుంది.