సదరు లిఫ్టు తమరిదే

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఎనిమిదంతస్తుల ఆ ఆఫీసులో ఉద్యోగులంటూ ఎవరూ లేకుండా పోయారు. కంగారు పడకండి, ఎవరినీ తీసెయ్యలేదు. అందరికీ హోదా పెంచారు. "ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి మీరంతా స్వతంత్ర భాగస్వాములు" అని నోటీసు అంటించారు. స్వతంత్రులు గనక పనిముట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, చెడిపోతే వాళ్లే బాగు చేయించుకోవాలి. స్వతంత్రులైనా సరే తొమ్మిదింటికే రావాలి, యూనిఫాం వేసుకోవాలి. సెలవు మాత్రం స్వతంత్రంగా అడుక్కోవచ్చు.

మర్నాటి నుంచి ఆఫీసు కళకళలాడిపోయింది. గుమాస్తా ఇంట్లో డైనింగ్ టేబుల్‌ని స్కూటరు మీద కట్టుకొచ్చాడు. ఆయన పెళ్లాం పిల్లలు ఆ వారమంతా నేల మీదే తిన్నారు. రిసెప్షనిస్టు సొంత ఫోనూ, సొంత చిరునవ్వూ తెచ్చుకుంది. ఇదివరకు చిరునవ్వు కంపెనీ ట్రైనింగులో ఇచ్చేది. ఊడ్చేవాడు చీపురు తెచ్చుకుని, "మరి దుమ్మెవరిది సార్?" అని అడిగాడు. దుమ్ము కంపెనీ ఆస్తేనని లిఖితపూర్వకంగా జవాబిచ్చారు.

చిక్కల్లా లిఫ్టక్కకి వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా లిఫ్టులో నిలబడి మీటలు నొక్కే ఆవిడకి వేరే పేరుందని జీతాల చిట్టాకి తప్ప ఎవరికీ తెలీదు. కొత్త ఫారంలో "మీ వృత్తి పరికరం" అని ఒక గడి ఉంది. ఆవిడకి చీపురు లేదు, టేబుల్ లేదు. ఖాళీ వదిలేస్తే పని ఊడుతుందేమోనని హడలిపోయి, గుండ్రటి అక్షరాలతో "లిఫ్టు" అని రాసింది. హెచ్ఆర్ మేడమ్ చదవకుండా సంతకం పెట్టేసింది. చదవకపోవడంలో మేడమ్‌కి పదేళ్ల అనుభవం.

గురువారం ఐదో అంతస్తు దాటుతుండగా లిఫ్టు మూలిగింది. మెకానిక్ వచ్చి, పైకెక్కి చూసి, మొహం వేలాడేసుకుని దిగాడు.

"అక్కా, ఇనప తాడు పోగులు తెగుతున్నాయి. మార్చకపోతే ఏదో ఒకరోజు జనంతో సహా కిందికొచ్చేస్తుంది."

లిఫ్టక్క మేడమ్ దగ్గరికి పరిగెత్తింది. మేడమ్ ఫారం తీసి వేలుపెట్టి చూపించింది.

"లిఫ్టు నీదే కదమ్మా! తాడు నువ్వే వేయించుకోవాలి. మేం దాన్ని ఎక్కే కస్టమర్లం, అంతే."

"నాదేంటి మేడమ్? బిల్డింగు మీది కదా?"

"మా బిల్డింగులో నీ లిఫ్టు పెట్టుకున్నావు. అద్దె అడగనందుకు సంతోషించు."

కొత్త తాడు వేయించే స్తోమత ఆవిడకి లేదు. లిఫ్టు ఆపితే తన పని పోతుంది. నడిపితే మనుషులే పోతారు. మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తీయకుండా కూర్చుని, చివరికి ఒక అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించింది: "తాడు మార్చేదాకా నడవదు. ఇట్లు, ఓనరు."

ఎండీ గారు వచ్చారు. ఆయన గది ఎనిమిదో అంతస్తులో ఉంది.

"సోదరీ! మన సంస్థ ఒక కుటుంబం. ఈ కుటుంబాన్ని పద్దెనిమిదేళ్లుగా పైకి తెచ్చింది ఎవరు? మీరు! స్వాతంత్ర్యం అంటే బాధ్యత. బాధ్యత అంటే త్యాగం. కాబట్టి... తలుపు తియ్!"

లిఫ్టక్క చేతులు కట్టుకుంది. "ఇది ఆర్డరాండీ? ఆర్డరేస్తే నేను ఉద్యోగినైపోతాను కదండీ. నేను ఉద్యోగినైతే లిఫ్టు మీదవుతుంది. తాడు మీరే వేయించాలి."

ఎండీ గారు పక్కనున్న లాయరు వైపు చూశారు. లాయరు గంభీరంగా తలూపాడు. "కరెక్టేనండీ. తమరు ఆశపడవచ్చు. ఆజ్ఞాపించరాదు."

ఎండీ గారు కాసేపు ఆశపడ్డారు. తర్వాత మెట్లెక్కారు.

ఎనిమిది రోజులపాటు ఆఫీసంతా మెట్లే ఎక్కింది. తాడు వేయిస్తే తీరిపోయేదే, కానీ సిద్ధాంతం తాడుకన్నా గట్టిది. మూడో అంతస్తులో ఆగి ఆయాసపడుతున్న భాగస్వాములు కంపెనీని పల్లెత్తు మాట అనలేదు. "ఓనరయ్యాక ఆవిడకి పొగరెక్కింది" అని మాత్రం అనుకున్నారు.

తొమ్మిదో రోజు లిఫ్టక్కకి ఉత్తరం వచ్చింది. "తమరి సేవలు తృప్తికరంగా లేనందున ఒప్పందం రద్దు చేయడమైనది. సదరు పరికరాన్ని రెండు రోజుల్లోగా మా ఆవరణ నుంచి తొలగించుకోగలరు."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. మెకానిక్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి పకపకా నవ్వాడు.

"ఏడుస్తావేంటక్కా? తీసుకెళ్లమని సంతకం పెట్టి మరీ ఇచ్చారు. విప్పేద్దాం పద!"

విప్పేశారు. కంపెనీ స్క్రూ ఒక్కటీ పోకూడదని మేడమ్ దగ్గరుండి కాపలా కాసింది. స్క్రూలు కూడా లిఫ్టువేనని లాయరు చెప్పాక గేటు తీసి పట్టుకుంది. వెనక వీధిలో ఒక ఆస్పత్రి వాళ్లు లిఫ్టు కోసం కింద నుంచి పై అంతస్తు దాకా వదిలిన గొయ్యి నాలుగేళ్లుగా ఖాళీగా ఉంది. వాళ్లు లిఫ్టునీ అక్కనీ కలిపే తీసుకుని, కొత్త తాడు వేయించి, ఆవిడని ఉద్యోగంలో పెట్టుకుని, కూర్చోవడానికి స్టూలు కూడా ఇచ్చారు. అది ఎవరిదో అడగడానికి మొహమాటపడి, మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఆవిడ నిలబడే ఉంది.

ఇవతల ఆఫీసులో ఎండీ గారు ఎనిమిదో అంతస్తు నుంచి లిఫ్టు లేని ఆ ఖాళీ గొయ్యిలోకి తొంగిచూసి, ప్రకటన వేయించారు: "స్వతంత్ర లిఫ్టు భాగస్వామి కావలెను. ఎనిమిదంతస్తులు ఎక్కగల సొంత లిఫ్టు ఉన్నవారే దరఖాస్తు చేయగలరు."

సాయంత్రానికల్లా రెండు వందల పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. లిఫ్టు మేమెందుకు తేవాలని ఒక్కరూ అడగలేదు. ఒకాయన మాత్రం ఫోన్ చేసి, నీళ్లు నమిలి, ఎంతో వినయంగా అడిగాడు.

"సార్... గొయ్యి కూడా మేమే తెచ్చుకోవాలా?"