ఎకార్ట్ ఇంట్లో దిగిన అరవైమంది

స్టుట్‌గార్ట్‌లో ఆ శనివారం ఎకార్ట్ ఒకే పని పెట్టుకుని నిద్రలేచాడు. తను పెంచుకుంటున్న చీమల చేత ఇల్లు మార్పించాలి. అవి ఉంటున్న గాజు గొట్టంలో నీటి కోసం పెట్టిన తడి దూదికి బూజు పట్టింది. ఇంకో రెండ్రోజులు అందులోనే ఉంటే రాణి బతకదు. చలికాలమంతా కూర్చుని ప్లాస్టర్‌తో గదులు, నడవాలు చెక్కి ఇంద్రభవనం లాంటి గూడు తయారుచేసి గొట్టానికి తగిలించాడు. చీమలేమో గడప దాకా వచ్చి, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చనివాళ్ళలా మర్యాదగా వెనక్కి పోతున్నాయి.

పాత ఇంట్లో వెలుగు, కొత్త ఇంట్లో చీకటి, చుట్టూ నిశ్శబ్దం ఉంటే చీమలు కదులుతాయి. ఎకార్ట్ కొత్త గూటి మీద నల్లగుడ్డ కప్పాడు. కానీ గొట్టం మీద గట్టి వెలుగు పడితే రాణి బెదురుతుందని మనసొప్పక, కిటికీ తెరలు మూసేసి గొట్టం దగ్గర చిన్న బెడ్‌లైటు మాత్రం పెట్టాడు. తర్వాత కింద మెట్ల దగ్గర కాగితం అంటించాడు: "ఈరోజు మూడో అంతస్తులో కొత్త కుటుంబం దిగుతోంది. తల్లి, అరవైమంది ఆడపిల్లలు. దయచేసి చప్పుడు చేయకండి." కూలిచీమలన్నీ ఆడవే కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

కింది వాటాలోని గుడ్రున్ హెఫెలే ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. ఆ మేడలో మెట్లు ఊడ్చే వంతు వారానికొక ఇంటిది. వంతు పలకను ఏ వారం ఎవరి వంతైతే వాళ్ళ తలుపుకు తగిలించి, ముప్ఫై ఏళ్ళుగా ఒక్క వారం తప్పనివ్వని మనిషి ఆవిడ. నూట ఇరవై రెండు బూట్లు రోజూ ఎక్కి దిగితే ఆ మెట్లు ఏమైపోతాయని గుండెలు బాదుకుంటూ తలుపు తలుపూ తట్టింది. రెండో అంతస్తుకు వెళ్ళేసరికి ఆ మాట హాస్టలైంది. నాలుగో అంతస్తులో అనాథ పిల్లలైంది. వాళ్ళు జాలిపడి, గృహప్రవేశానికి ఇచ్చే రొట్టె, ఉప్పు పట్టుకుని దిగారు.

మొదటి చీమ కొత్త గూట్లో కాలు పెట్టిన క్షణానే తలుపు దబదబా మోగింది. చీమ వెనక్కి పరుగెత్తింది. తలుపు తీస్తే గడప ముందు పదకొండు మంది.

"పిల్లలేరీ?" అంది గుడ్రున్.

"మెల్లగా మాట్లాడండి హెఫెలే గారూ. తల్లి బెదురుతుంది."

"బెదరాల్సింది నేనండీ. అరవైమందిని కన్న ఆ మహాతల్లి ఎక్కడ?"

"ఇంకా కంటూనే ఉందండీ."

ఈ చీకటి గదిలోనే అందర్నీ దాచాడని గుడ్రున్‌కు ఖాయమైపోయింది. ఎకార్ట్ అడ్డుపడేలోపు లోపలికి దూసుకెళ్ళి తెరలు సర్రున లాగేసింది. ఎండ నేరుగా గొట్టం మీద పడింది. గొట్టంలో గందరగోళం చూసి, రాణి పని అయిపోయిందని ఎకార్ట్ తల పట్టుకున్నాడు.

అప్పుడొక చీమ కొత్త గూట్లోకి ఉరికింది. తిరిగొచ్చి ఇంకోదాన్ని పిలుచుకుపోయింది. చూస్తుండగానే గుడ్లు నోట కరుచుకుని బారులు బారులుగా కదిలాయి. కాగితంలోని ఆడపిల్లలు వీళ్ళేనని అర్థమై పదకొండు మందీ గొట్టం మీదికి వంగారు. అందరికంటే చివర రాణి బయల్దేరి, గడపలో ఆగిపోయింది.

"వెళ్ళమ్మా, లోపలికి వెళ్ళు," అని గుసగుసలాడింది గుడ్రున్.

రాణి వెళ్ళింది. ఎకార్ట్ ఆనందం పట్టలేక, ముప్ఫై ఏళ్ళుగా తనతో నమస్కారం తప్ప మరో మాట అనని గుడ్రున్‌ను కావలించుకున్నాడు. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. ఆవిడ చూపంతా గూటి గడప మీదే ఉంది. చీమలు అప్పుడే ప్లాస్టర్ పొడి రేణువు రేణువుగా ఎత్తి బయట పోస్తున్నాయి.

"ఇంత శుభ్రంగా ఉండేవాళ్ళయితే, ఇంకో అరవైమంది వచ్చినా నాకభ్యంతరం లేదు," అంది గుడ్రున్.

రాణి అప్పటికే ఆ పనిలో ఉంది.