కొంగలు వాలిన గోడ

ఆ ఉదయం నిరోష పెట్టుకున్నది చిన్న పనే. క్యాంపస్‌కు వెళ్లి, ఎగ్జామినర్‌ జ్యోతిర్మయి మేడంను తార్నాకలోని తమ అద్దె ఇంటికి తీసుకురావాలి, గోడ చూపించాలి, పాసవ్వాలి. పెయింటింగ్‌ కోర్సులో ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే సీటే పోతుంది.

వానాకాలమంతా ముందుగది గోడకు నిమ్ము దిగింది. ఆ మరకలో నిరోషకు కొంగలు వాలిన చెరువు కనిపించింది. అంచుల వెంట గీతలు గీసి, క్యాంపస్‌లో ఏరి ఎండబెట్టిన మోదుగు పూలు కాచి, ఆ రంగు అద్దింది. తల్లి ఉప్పలమ్మకు మాత్రం అది ఒట్టి నిమ్మే. ఎంతదాకా పాకిందో ఓనరుకు చూపడానికే బిడ్డ గీతలు గీస్తోందని ఆమె నమ్మకం.

"అమ్మా, గోడ చూడనీకి యూనివర్సిటీ నుంచి పెద్ద మేడం వస్తున్నది. జర ఇల్లు సర్దు," అని నిరోష బస్సెక్కింది.

ఉప్పలమ్మ సరాసరి కింది పోర్షన్‌కు, ఓనర్‌ ఇన్నయ్య దగ్గరికి దిగింది. "ఎన్నిసార్లు మొత్తుకున్నా విన్లేదు గదా అన్నా! ఇప్పుడు గోడ చూడనీకి పెద్ద మేడమే వస్తున్నది."

పెద్ద మేడం అంటే మున్సిపల్‌ ఆఫీసరే అనుకున్నాడు, పర్మిషన్‌ లేకుండా పై పోర్షన్‌ లేపిన ఇన్నయ్య. "అయ్యో చెల్లె, గింత దానికి ఆఫీసర్లెందుకు? నేను లేనా?"

ఏళ్లుగా దొరకని సున్నం మనిషి అరగంటలో దొరికాడు. చెరువూ కొంగలూ సున్నం కింద పడిపోయాయి. అంతటితో ఆగినా బాగుండేది. కారడం లేదని రుజువు చేయాలని ఇన్నయ్య బకెట్లు మోసుకుని మిద్దె ఎక్కాడు.

మేడంతో గడపలోకి వచ్చిన నిరోష తెల్లటి గోడ చూసి ఆగిపోయింది. "అమ్మా, నా బొమ్మేది?"

"బొమ్మనా? ఏడుండె?"

"ఆ నిమ్మే నా బొమ్మ!" అని పిల్ల భోరుమంది.

"చూడుండ్రి మేడం! ఎన్ని నీళ్లు పోసినా చుక్క దిగదు, గ్యారంటీ!" అని మిద్దె మీంచి కేకేసి ఇన్నయ్య బకెట్లు కుమ్మరించాడు.

చుక్క దిగింది. దాని వెనక ఇంకోటి. పచ్చి సున్నంలోంచి ముందు చెరువు అంచు, తర్వాత మోదుగు రంగు, ఆఖరికి ఒక కొంగ మెడ బయటికి వచ్చాయి. మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చాలా బొమ్మలు చూశాను గానీ, కళ్ల ముందు తనంతట తాను వచ్చే బొమ్మను చూడలేదమ్మా. నువ్వు పాస్‌. ఈ గోడను మాత్రం ఎవరూ బాగు చేయకండి."

"బాగు చెయ్యొద్దా?" అంది ఉప్పలమ్మ, కారే చోట గిన్నె పెడుతూ.

ఆదివారం వారాసిగూడ నుంచి చుట్టాలు వస్తే, వాళ్లకు గోడ చూపిద్దామని ఇన్నయ్య బకెట్‌ పట్టుకుని మిద్దె ఎక్కాడు.