నమూనా కింద తీసుకున్న దోసకాయ

ఆకు పచ్చగా ఉన్నంతకాలం అది మొక్క సొంత విషయం. పసుపెక్కిన క్షణం నుంచి ప్రభుత్వ వ్యవహారం. ఈ సంగతి తెలియని పౌరులు ఇంకా చాలామంది పాలిపోయిన ఆకుల్ని తమ ఇష్టానికి తుంచి పారేస్తున్నారు. నేనూ పారేసేవాణ్ణే. నేను చదివింది పల్లెటూరి బడి. అక్కడ ఆకు తరఫున దరఖాస్తు రాయడం నేర్పలేదు.

మా మేడమీద తొట్టిలో కీరదోస పాదు ఉంది. గింజలు నా భార్య వేసింది. ఏటా ఒక కాయను కోయకుండా పండనిచ్చి, దాని గింజలే మరుసటి ఏడు వేసేది. ఈసారి ఉన్నవన్నీ వేసేసి, మొలకలు రాకముందే పోయింది. పాదు మీద విత్తనానికి వదిలిన కాయ ఒక్కటే. అది పోతే ఆ గింజ ఇంకెక్కడా లేదు.

ఇంతలో అడుగు ఆకులు పసుపెక్కాయి. మట్టిలో సత్తువ అయిపోయింది, అంతే. చారెడు ఎరువు కోసం కొట్టుకెళ్లాను.

"ఆకు చీటీ ఉందా పెద్దాయనా?" అన్నాడు కొట్టువాడు.

"ఆకే ఉంది." జేబులోంచి తీసి చూపించాను.

"ఆకెవరిక్కావాలి? చీటీ కావాలి. అది తెంపినట్టు ఇంకెక్కడా అనకండి, మీ మంచికే చెబుతున్నా."

చీటీ ఇచ్చేది ఇంటి కూరగాయల ఆకురంగు నిర్ధారణ విభాగం. వాళ్ల యాప్‌లో పసుపులు పదకొండు రకాలు. నేను ఏడోది, 'వెలిసిన కర్టెన్ పసుపు' ఎంచుకుని ఫొటో పెట్టాను. తిరస్కరించారు. ఫొటోలో ఒకటి కంటే ఎక్కువ జీవులు ఉన్నాయట. (రెండోది నా బొటనవేలు.) మళ్లీ తీశాను. ఆ తర్వాత ఫారం వచ్చింది. 'విత్తనం వేసినది ఎవరు?' అని ఒక గడి. ఆవిడ పేరు రాశాను. కాగితం మీద అబద్ధం రాయకూడదని మా మాస్టారు బెత్తంతో నేర్పారు. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

వెంటనే సందేశం వచ్చింది. తనిఖీ అయ్యేవరకు ఆకులు తెంపరాదు, ఎరువు వేయరాదు, పాదును ఓదార్చరాదు. (మూడోది నేను చేర్చాను. మొదటి రెండూ వాళ్లవే.)

పదిరోజులకు పసుపు పాదు సగానికి ఎక్కింది. కింది వాటాలో ఉండే మా మరదలు బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది.

"అక్కయితే ఈపాటికి ఆకు తుంచేసి, ఇంత ఎరువు కలిపి, వీధంతా కాయలు పంచేది. నువ్వు అర్జీ పెట్టి కూర్చున్నావా బావా?"

"నిబంధన."

"పాదు అడిగిందా నిబంధన?"

"కొట్టువాడు అడిగాడు."

"అయితే వాణ్ణే తీసుకొచ్చి తొట్టిలో పాతిపెట్టు. సత్తువ అదే వస్తుంది."

పంతొమ్మిదో రోజున పసుపు పరిశీలకుడు వచ్చాడు. చిన్న కత్తెర, పెద్ద కవర్లు, ఒక రంగుల అట్ట. మర్యాదస్తుడే. చెప్పులు విడిచి మేడెక్కాడు. పసుపుగా ఉన్నవన్నీ నమూనాలేనని చెప్పి ఆకులు కత్తిరించడం మొదలెట్టాడు. ఆ పని నేను పంతొమ్మిది రోజుల క్రితమే చేసుకోగలిగేవాణ్ణి గనుక పక్కన నిలబడి చూశాను.

ఆకులయ్యాక కాయ దగ్గర ఆగాడు.

"అది విత్తనం కాయ బాబూ. పండితే ఆ రంగే వస్తుంది. జబ్బు కాదు."

రంగుల అట్ట కాయ పక్కన పెట్టి చూశాడు. "పసుపే కదండీ?"

"పసుపే."

"ఒప్పుకున్నారు," అని రాసుకుని, తొడిమ దగ్గర కత్తిరించాడు.

అతను మెట్లు దిగేలోపే ఫోన్ మోగింది. 'మీ మొక్కపై పసుపు రంగు మిగల్లేదు. సమస్య పరిష్కారమైంది.' నిజమే. మొండి తీగ ఒకటి మిగిలింది, దాని మీద ఏ రంగూ లేదు.

మర్నాడు కాయ వెనక్కి అడగడానికి వాళ్ల ఆఫీసుకెళ్లాను. కోసి ఒక్కరోజే, కాయ పాడై ఉండదు. గింజ ముదిరే ఉంటుంది. బల్ల వెనక ఆవిడ అద్దాలు పైకి నెట్టుకుని ఫారం తిరగేసింది.

"నమూనా వెనక్కిస్తామండీ, ఇవ్వమని కాదు. విత్తనం వేసినవాళ్లు స్వయంగా రావాలి."

"చనిపోయింది."

"అయ్యో. ఎప్పుడండీ?"

"మొలకలు రాకముందు."

ఆవిడ నిజంగానే బాధపడింది. కాసేపు ఆలోచించి సొరుగులోంచి ఇంకో ఫారం తీసింది.

"అలాంటివాళ్ల కోసం ఇది ఉంది. ఎందుకు రాలేకపోతున్నారో ఇక్కడ రాసి, కింద సంతకం పెట్టించుకు రండి. ఆవిడ సంతకమే ఉండాలి, మీది చెల్లదు. పద్నాలుగు రోజులు దాటితే నమూనా పారేస్తారు."

ఫారం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. బతికినన్నాళ్లూ నా భార్య ఏ గడువూ దాటలేదు. ఈసారి దాటేలా ఉంది.